మాస్టారి తాతగారి కారు

పాత ఫోటో బాగుచేయమని తెచ్చేవాళ్లలో కొందరు ముందే ఇంట్లో దాన్ని తడిగుడ్డతో తుడిచి తెస్తారు. మరికొందరు ఫోనులో ఏదో యాప్‌తో రంగులు వేయించి, "ఇలాగే పెద్దది చేసి ఇవ్వండి" అంటారు. మొదటివాళ్ల మీద జాలి పడతాను. రెండోవాళ్లతో గొడవ పడతాను. పర్లాకిమిడిలో మా స్టూడియోకి ఇప్పుడు పెళ్లిళ్ల పని కన్నా పాత ఫోటోల పనే ఎక్కువ. పాతపట్నం నుంచి, కాశీనగర్ నుంచి, గుణుపురం నుంచి వస్తారు. ఒడియా వాళ్లతో ఒడియాలో, మనవాళ్లతో తెలుగులో గొడవ పడతాను. తేడా ఏమీ లేదు.

ఈమధ్య ఆ గొడవ కార్ల మీదికి మళ్లింది. మామూలు కార్లు కావు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఫ్రాన్సు రోడ్ల మీద పందేలకు దిగిన కార్లు. పర్లాకిమిడిలో కూర్చున్న స్టూడియో ఆవిడకు వాటితో ఏం పని అంటే, గుణుపురం మాస్టారే కారణం.

ఆయన లెక్కల మాస్టారు, రిటైరయ్యారు. చేతిసంచిలో పాత దుప్పటి చుట్టి ఒక ఫ్రేము తెచ్చారు. లోపల తెరిచిన కారు, అందులో ఇద్దరు మనుషులు. టోపీలు, కళ్లకు పెద్ద అద్దాలు, ముఖాల నిండా దుమ్ము. కన్నతల్లి కూడా పోల్చుకోలేదు.

"మా తాతగారమ్మా. బారిస్టరు చదువుకు లండన్ వెళ్లారు. అక్కడ కొన్న కారు. నడుపుతున్నది ఆయనే."

"పక్కన ఉన్నది ఎవరండీ?"

"నౌకరు అయి ఉంటాడు."

మనవడు ఫోనులో రంగులు వేయించిన కాపీ కూడా చూపించారు. కారుకు ఇటుక రంగు, చెట్లకు ఆకుపచ్చ, ఆకాశానికి నీలం. నడుపుతున్న మనిషికి చామనఛాయ, పక్కన ఉన్న మనిషికి తెల్లతోలు. ఒకే దుమ్ము కొట్టుకుపోయిన ఇద్దరిలో యాప్ ఎలా తేడా కనిపెట్టిందో దానికే తెలియాలి. అది చూసే మాస్టారి ఇంట్లో అందరికీ నమ్మకం కుదిరిందట.

నేను ముందు మనుషులను వదిలేసి కారును చూశాను. మడ్‌గార్డులు లేవు. దీపాలు లేవు. ముందు గాలి అద్దం లేదు, తలుపులు లేవు. రెండే సీట్లు, వాటి వెనక పీపాలాంటి పెట్రోలు ట్యాంకు, దాని వెనక బెల్టులతో బిగించిన టైర్లు. వానాకాలంలో మన రోడ్ల మీద మడ్‌గార్డులు లేని కారు ఎవరైనా డబ్బు పోసి కొంటారా? ఇలా ఒంటి మీద ఏమీ మిగల్చకుండా వలిచేసిన కారు బరువు తగ్గించుకోవడానికే తయారైందని అర్థం. 1906లో ఫ్రెంచి ఆటోమొబైల్ క్లబ్బు తన పందేనికి పెట్టిన నియమం ప్రకారం కారు బరువు వెయ్యి కిలోలు దాటకూడదు, ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో ఉంటే ఇంకో 7 కిలోలు. ఆ వెయ్యిలోనే పన్నెండు, పద్నాలుగు, పదహారు లీటర్ల ఇంజను ఇమడాలి. ఇప్పుడు మన వీధిలో తిరిగే చిన్న కార్ల ఇంజను ఒక లీటరు, ఆ పైన కాస్త. అంత ఇంజను పెట్టినవాడు దీపాలకూ మడ్‌గార్డులకూ బరువు ఎక్కడ మిగులుస్తాడు?

తర్వాత ఫ్రేము విప్పాను. ఈ పని తొందరపడి చేయకూడదు. వెనక గోధుమరంగు కాగితం, తుప్పు పట్టిన చిన్న మేకులు, మధ్యలో చెదలు తిన్న అట్ట. బొమ్మను మౌంటు అట్టకు పిండి జిగురుతో అంటించారు. నాలుగు మూలల్లో ఒకటి తనంతట తానే లేచి ఉంది. పలుచటి ఎముక కత్తితో ఆ మూలను ఇంకాస్త లేపి, కింద చిన్న అద్దం పెట్టి చూశాను. వెనక ఫ్రెంచిలో 'కార్త్ పోస్తాల్' అన్న అచ్చు అక్షరాల చివర, మధ్యలో నిలువు గీత. అంటే పోస్టుకార్డు. వెనక వైపును గీతతో రెండుగా చీల్చి, ఒక సగంలో ఉత్తరం, ఒక సగంలో చిరునామా రాసుకునే కార్డులు ఫ్రాన్సులో 1903 చివర్లో మొదలయ్యాయి. అంతకుముందు వెనకవైపంతా చిరునామాకే. కాబట్టి ఈ కార్డు అంతకన్నా పాతది కాదు. ఆ కాలం కార్డుల మీద బొమ్మ అంచున ఊరి పేరు, పందెం పేరు అచ్చు వేసేవారు. ఫ్రేము కట్టినవాడెవరో మౌంటుకు సరిపోలేదని ఆ అంచు నున్నగా కత్తిరించి పారేశాడు. ఇలాంటి వాళ్లను నేను చాలామందిని చూశాను. ఫోటో వెనక రాసిన తేదీ మీద జిగురు పూసేవాళ్లు కూడా ఆ కోవలోని వాళ్లే.

భూతద్దం పెట్టాను. అసలైన ఫోటో కాగితమైతే ఎంత దగ్గరికి వెళ్లినా మెత్తగా కరిగిపోతుంది. అచ్చు బొమ్మ అయితే చుక్కలు వరస కడతాయి, లేదా సన్నటి పురుగుల్లా వంకర గీతలు కనిపిస్తాయి. ఇందులో ఉన్నవి వంకర గీతలే. అంటే జిలటిన్ పొరతో తీసే కొలోటైప్ అచ్చు. ఇది తెలియడం ఎందుకు ముఖ్యమంటే, అచ్చు బొమ్మలో ఉన్న వివరం అచ్చులో ఉన్నంతే. స్కానర్‌ను ఎంత పెంచినా గీతలు పెద్దవవుతాయి తప్ప కొత్త సంగతి బయటికి రాదు. కొత్త సంగతి వచ్చిందంటే కంప్యూటర్ కల్పించిందన్నమాట.

మనవడి కాపీలో సరిగ్గా అదే జరిగింది. అసలు కార్డులో బానెట్ మీద తెల్లరంగుతో 3 అని స్పష్టంగా ఉంది, దాని పక్కన బూజు మచ్చ కింద ఇంకో గుర్తు. యాప్ ఆ మచ్చను తుడిచి, గుర్తును సానబట్టి, 34 అని తీర్చిదిద్దింది. 34 అని నమ్మి వెతికితే 1908కి వెళ్లిపోతాం. ఆ ఏడు ఫ్రాన్సులోని దియెప్‌లో జరిగిన గ్రాండ్ ప్రీ అనే పెద్ద పందెంలో కార్లకు ఉత్తి అంకెలే వేశారు. గెలిచిన లౌటెన్‌ష్లాగర్ మెర్సిడెస్ కారు నెంబరు 35. 34 దాని ముందున్న అంకె, కాబట్టి ఎవరికీ అనుమానం కూడా రాదు. కానీ మచ్చ మీద బల్బు వెలుగును పక్క నుంచి, దాదాపు కాగితానికి సమాంతరంగా వేసి చూస్తే, ఆ గుర్తుకు రెండు కాళ్లు ఉన్నాయి. నాలుగు అంకెకు ఒకటే కాలు. అది ఇంగ్లీషు 'ఎ' అక్షరం.

3ఎ. ఈ ఒక్కదానితో సగం పని అయిపోయినట్టే. ఆ మూడేళ్ల గ్రాండ్ ప్రీలకు నెంబర్లు వేసిన తీరు దేనికదే. 1906లో మొదటి గ్రాండ్ ప్రీ లె మాన్ దగ్గర జరిగినప్పుడు ఒక్కో కంపెనీకి ఒక్కో అంకె, ఆ కంపెనీ కార్లకు ఎ, బి, సి. 1907లో తిరగేశారు: ముందు కంపెనీ అక్షరం, తర్వాత అంకె. ఫియట్ కార్లు ఎఫ్1, ఎఫ్2, ఎఫ్3. లొరేన్-దియెట్రిష్ కార్లు ఎల్‌డి1 నుంచి. 1908లో అక్షరాలు పోయాయి. కారు పేరు తెలియకపోయినా, నెంబరు రాసిన పద్ధతి చూసి ఏడాది చెప్పేయవచ్చు. ఇంగ్లండులో బ్రూక్‌లాండ్స్ ట్రాక్ 1907లో తెరిచినప్పుడైతే అసలు నెంబర్లే లేవు. గుర్రప్పందేల అలవాటు కొద్దీ డ్రైవర్లకు రంగురంగుల అంగీలు తొడిగారు. దూరం నుంచి ఎవరు ఎవరో తెలియక జనం గోలపెట్టాక నెంబర్లకు దిగారు. బ్రూక్‌లాండ్స్ గోడ పక్కన నెంబరు లేని పందెం కారు కనిపిస్తే ముందు ఆ తొలి రోజుల వైపు చూడాలి.

నెంబరు ఒక్కటే పట్టుకుని ఊరేగకూడదు, కారు ముఖం కూడా ఒప్పుకోవాలి. ఆ కాలం కారుకు ముఖమంటే రేడియేటర్. 1901లో మేబాక్ గీసిన మెర్సిడెస్‌తో తేనెపట్టు గళ్ల రేడియేటర్ కారు ముందుకు వచ్చి నిలబడింది. తర్వాత చాలామంది దాన్నే అనుసరించారు. హాచ్‌కిస్ కార్లకు గుండ్రటి రేడియేటర్, 1906లో వాటికి తీగ పుల్లల చక్రాలు. వాక్స్‌హాల్ బానెట్‌కు రెండు పక్కలా పొడుగాటి నొక్కులు. బుగాట్టికి గుర్రపు నాడా. 1914 మెర్సిడెస్‌కు ముక్కులా మధ్యలో కోసుగా వచ్చే రేడియేటర్. మాస్టారి కార్డులో ఉన్న కారుకు మాత్రం ముందు రేడియేటరే లేదు. బానెట్ ముందుకు ఏటవాలుగా దిగి మూసుకుపోయింది. రెనో కంపెనీ రేడియేటర్‌ను ఇంజను వెనక, డ్రైవరు కాళ్ల ముందు పెట్టేది. ఊళ్లో తిరిగే రెనో కార్లకు కూడా 1920ల చివరిదాకా అదే రూపం. అందుకని బానెట్ చూసి రెనో అనగలం, పందెం కారు అనలేం. అందుకు మడ్‌గార్డులు లేకపోవడం, నెంబరు, వెనక టైర్లు సాక్ష్యం.

ఇక్కడ మా అన్నయ్యను పిలవాల్సి వచ్చింది. రాయగడలో లారీల గ్యారేజీ ఉంది అతనికి. ఫోనులో ఈ బొమ్మ, దానితో పాటు ఆ కాలం పందెం కార్ల బొమ్మలు మరికొన్ని పంపితే చాలాసేపు ఉలుకూ పలుకూ లేదు.

తర్వాత ఫోన్ చేసి, "చైను ఏదమ్మా చెల్లీ?" అన్నాడు.

"ఏ చైను?"

"నువ్వు పంపిన మిగతా కార్లన్నిటికీ వెనక చక్రం ముందు పళ్లచక్రం, చైను కనిపిస్తున్నాయి. సైకిలుకు ఉన్నట్టు. దీనికి లేదు. షాఫ్టు మీద నడిచేది."

నిజమే. ఆ రోజుల్లో పెద్ద ఇంజన్ల కార్లు చాలావరకు రెండు పక్కలా చైన్లతో వెనక చక్రాలను తిప్పేవి. 1912లో కూడా 14 లీటర్ల ఫియట్ చైన్లతోనే దియెప్‌కి వచ్చి, 7.6 లీటర్ల పెజో చేతిలో ఓడిపోయింది. 1906 రెనో అప్పటికే షాఫ్టుకు, అంటే కారు కింద తిరిగే ఇనుప కడ్డీకి, మారింది. వెనక చక్రం ముందు ఖాళీగా ఉండటం కూడా గుర్తే. నా కంటికి అది ఆనలేదు, లారీ కింద పడుకున్నవాడి కంటికి ఆనింది.

అలా వెతుకుతూ ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయం వారి గాలికా సైటులో రోల్ అనే వార్తాఫోటోల ఏజెన్సీ ఫోటోల మధ్య పడ్డాను. ఈ ఏజెన్సీ 1904లో మొదలైంది. వీళ్ల గాజు ప్లేట్ల అంచున సిరాతో తేదీ, ఊరు, మనిషి పేరు రాసి ఉంటాయి. అమెరికా వైపు కార్లకు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో బెయిన్ సేకరణ ఉంది, అక్కడా ప్లేటు మీదే రాతలు. ఆ రాతలను కూడా కళ్లు మూసుకుని నమ్మను, రాసినవాడు పందెం చూసినవాడు కానక్కరలేదు. నెంబరు, చక్రం, ముఖం, రాత అన్నీ ఒకే మాట చెబితే అప్పుడు నమ్ముతాను. లె మాన్, 1906 జూన్ 26, 27 తేదీలు, 3ఎ నెంబరు రెనో. అన్నీ ఒకే మాట చెప్పాయి. నడుపుతున్నది ఫెరెంక్ సీస్. ఆ మొట్టమొదటి గ్రాండ్ ప్రీ గెలిచిన మనిషి.

ఇతను ఆస్ట్రియా-హంగరీలో పుట్టి, రెనోలో మెకానిక్‌గా చేరాడు. పందేల్లో లూయీ రెనో పక్కన కూర్చుని టైర్లు మార్చి, నూనె పోసినవాడు. 1903 పారిస్-మాడ్రిడ్ పందెంలో లూయీ అన్న మార్సెల్ చనిపోయాక లూయీ పందేలు మానేశాడు, తర్వాత స్టీరింగ్ ఈ మెకానిక్ చేతికి వచ్చింది. లె మాన్ సర్క్యూట్ ఒక చుట్టు 103 కిలోమీటర్లు, రోజుకు ఆరు చుట్లు, రెండు రోజులు. దుమ్ము లేవకుండా రోడ్డుకు తారు పూశారు. ఎండకు తారు కరిగి, ముందు కార్ల చక్రాల నుంచి వెనకవాళ్ల కళ్లలోకి చిమ్మింది. ఇంకో రెనో నడిపిన ఎడ్మండ్ కళ్లద్దాలు పగిలి, తారు కంట్లో పడి, పందెం నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. మాస్టారి కార్డులో ముఖాల మీది నలుపు దుమ్మే అనుకున్నాను మొదట. కొంత తారు కూడా అయి ఉంటుంది.

టైరు పగిలితే మార్చుకోవాల్సింది డ్రైవరు, పక్కనున్న మెకానిక్ మాత్రమే. ఇంకెవరూ చెయ్యి వేయకూడదు. మామూలు చక్రమైతే పాత టైరును కత్తితో కోసి తీసి, కొత్తదాన్ని బలవంతంగా ఎక్కించాలి. మిషెలిన్ కంపెనీ ఆ ఏడు గాలి నింపిన టైరుతో సహా రిమ్మును బోల్టులు విప్పి మార్చే ఏర్పాటు తెచ్చింది. రెనో, ఫియట్ వంటి వాళ్లు వాడుకున్నారు. చక్రం అంచున వరసగా బోల్టు తలలు కనిపిస్తే ఆ రిమ్మే. మొదటి రోజు పందానికి 5 గంటల 45 నిమిషాలు పట్టిన సీస్, రెండో రోజు ఉదయం సరిగ్గా 5:45కి బయలుదేరాడు. ఎవరికి ఎంతసేపు పట్టిందో గడియారంలో అంత అయినప్పుడే వాళ్ల వంతు. రాత్రంతా కార్లను తాళం వేసి కాపలా పెట్టారు, తెల్లారాక బయలుదేరే గీత దాకా గుర్రంతో లాక్కొచ్చారు. చివరికి ఫియట్ నడిపిన నజ్జారో కన్నా అరగంటకు పైగా ముందు గెలిచాడు. బహుమతి 45,000 ఫ్రాంకులు. గెలిచిన కారు కార్డులే అంగళ్లలో ఎక్కువ అమ్ముడుపోయి ఉంటాయి, బారిస్టరు తాతగారు కూడా ఒకటి కొనుక్కున్నారు.

మాస్టారికి ఇదంతా ఎలా చెప్పాలా అని ఆలోచించాను. లెక్కల మాస్టారు కాబట్టి మెట్టు మెట్టుగా చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, పక్క వెలుతురులో ఆ అక్షరం రెండు కాళ్లూ తానే చూశారు.

"అంటే నౌకరు అనుకున్నవాడు మెకానిక్."

"అవునండీ."

"మా తాతగారు ఎక్కడా లేరు."

"కార్డు కొన్నచోట ఉన్నారండి."

నవ్వారు. రంగులు వేయవద్దని ఆయనే అన్నారు. మనవడు మాత్రం వదల్లేదు. ఫ్రెంచి కార్లు నీలం కదా, నీలం వేస్తే తప్పేమిటని ఫోనులో వాదించాడు. చదువుకున్న పిల్లాడే, కానీ ఆ నియమం ఎక్కడిదో చూడలేదు. 1900 నుంచి 1905 దాకా జరిగిన గోర్డన్ బెన్నెట్ కప్పు దేశాల మధ్య పందెం. ఫ్రాన్సుకు నీలం, జర్మనీకి తెలుపు, 1903లో ఐర్లండులో జరిగినప్పుడు బ్రిటన్‌కు ఆకుపచ్చ. దేశానికి మూడు కార్లే అనడం నచ్చక ఫ్రెంచివాళ్లు 1906లో కంపెనీల మధ్య పందెంగా గ్రాండ్ ప్రీ పెట్టారు. దేశాల నియమాన్ని తెచ్చి దీనికి అతికిస్తే ఎలా?

ఒకవేళ దేశం రంగు తెలిసినా బూడిద రంగు ఫోటోలోంచి దాన్ని చదవడం చిక్కే. మా నాన్నగారి కాలంలో డార్క్ రూమ్‌లో ఎర్ర బల్బు వెలిగేది. బ్రోమైడ్ కాగితానికి ఎరుపు కనబడదు, అందుకే ఆ వెలుతురులో దాన్ని ధైర్యంగా బయటికి తీసేవాళ్లం. పాత గాజు ప్లేట్లకూ అంతే. నీలం బాగా కనబడుతుంది, ఎరుపు చీకటి. అన్ని రంగులూ చూడగల పాంక్రొమాటిక్ ప్లేట్లు 1906లో ఇంగ్లండులో అమ్మకానికి వచ్చినా, వాటిని చీకట్లో తడుముకుంటూ కడగాలి. పత్రికల ఫోటోగ్రాఫర్లు చాలా ఏళ్లు పాత రకంతోనే నెట్టుకొచ్చారు. దీని ఫలితం మన గోడల మీదే వేలాడుతోంది. మా నాయనమ్మ పెళ్లి ఫోటోలో కుంకుమ బొట్టు నల్లగా ఉంటుంది. ఎర్రటి బరంపురం పట్టుచీర నల్లచీరగా పడింది. చూసిన ప్రతి ఆడపిల్లా "పెళ్లికి నల్లచీరా!" అని ముక్కు మీద వేలేసుకుంటుంది. యాప్‌కు ఇస్తే నిజంగానే నల్లచీర కట్టించి, నల్లబొట్టు పెట్టి వదిలింది.

కార్ల దగ్గర కూడా ఇదే. అలాంటి ప్లేటు మీద ఫ్రెంచి నీలం వెలిసి తెల్లబడుతుంది, పక్కనున్న జర్మన్ తెలుపుకూ దానికీ పెద్ద తేడా ఉండదు. ఇటలీ ఎరుపు నల్లబడుతుంది. నల్లగా ఉంది కాబట్టి ఇటలీ కారు అనీ చెప్పలేం. 1924లో ఇటలీ సిసిలీ దీవిలో జరిగిన టార్గా ఫ్లోరియో పందెంలో మెర్సిడెస్ వాళ్లు తమ కార్లకు ఎరుపు పూశారు. జర్మన్ తెలుపు చూస్తే సిసిలీ జనం రాళ్లు వేస్తారేమోనన్న భయంతో అంటారు. వెర్నర్ ఆ ఎర్ర కారుతోనే గెలిచాడు. ప్లేటు ఏ రకమో తేల్చుకోవడానికి నేను వాడే ఉపాయం జెండా. ఫ్రాన్సులో పందెం అంటే స్టాండు మీద మూడు రంగుల జెండా ఎక్కడో ఒకచోట ఎగురుతూ ఉంటుంది. నీలం పట్టీ తెలుపులో కలిసిపోయి, ఎరుపు పట్టీ నల్లగా ఉంటే ప్లేటు సంగతి తెలిసిపోతుంది. జెండా లేకపోతే ఆకాశం చూడాలి. మబ్బులు జాడ లేకుండా ఆకాశం సున్నం వేసినట్టు ఉంటే అదీ ఒక ఆధారం.

కారును పోల్చే పని అలవాటయ్యాక నాకు నచ్చినవి మోసాలే. ఒకటి తిరగేసిన బొమ్మ. గాజు నెగటివ్‌ను కాగితం మీద తప్పు వైపు పెట్టి అచ్చు తీస్తే కుడి ఎడమవుతుంది. మన స్టూడియోవాళ్లు పైట చూసి పట్టేస్తారు, కానీ కుడిపైట వేసుకునే ఇళ్లూ ఉన్నాయి కాబట్టి మగవాళ్ల కోటు గుండీలు కూడా చూడాలి. ఆ కాలం పందెం కారులో ఐరోపా డ్రైవరు కుడి పక్క కూర్చుంటాడు, గేరు కర్ర, చేతి బ్రేకు అతనికి కుడివైపు కారు బయట ఉంటాయి. ఎడమ పక్క కనిపిస్తే కారు కన్నా ముందు నెగటివ్‌ను అనుమానించండి. నెంబరు 8, 11 లాంటిదైతే తిరగేసినా తెలియదు.

రెండోది వంగిపోయిన చక్రం. ఫోకల్ ప్లేన్ షట్టర్‌లో సన్నటి చీలిక ప్లేటు మీదుగా జారుతుంది, బొమ్మ అంతా ఒకేసారి పడదు. కెమెరాలో బొమ్మ తలకిందులు కాబట్టి నేల ముందు పడి, పైభాగం తర్వాత పడితే, ఈలోపు కారు ముందుకు జరిగిపోతుంది. గుండ్రటి చక్రం ముందుకు వాలిన కోడిగుడ్డు అవుతుంది. లార్టీగ్ అనే కుర్రాడు తీసిన ప్రసిద్ధమైన ఫోటోలో చక్రం అలా ముందుకు వాలితే, అతను కెమెరాను కారుతో పాటు తిప్పడం వల్ల జనం వెనక్కి వాలారు. ఒకాయన ఇలాంటి ఫోటో తెచ్చి చక్రాలను 'సరిచేయమన్నాడు'. చక్రాలు గుండ్రంగా అయ్యాయి, బానెట్ సాగి ఏ కంపెనీకీ చెందని కారు తయారైంది. డబ్బు తీసుకోలేదు. రెండు కాపీలూ చేతిలో పెట్టి, ఏది కావాలో చూసుకోమన్నాను.

మూడోది శీర్షిక మోసం. 'నజ్జారో, ఫియట్, 1907' అని రాసి ఉంటే ఏం తెలిసినట్టు? ఆ ఒక్క ఏడాదిలోనే అతను టార్గా ఫ్లోరియో, జర్మనీలో కైజర్ పందెం, దియెప్ గ్రాండ్ ప్రీ మూడూ గెలిచాడు. మూడింటికీ నియమాలు వేరు, కార్లూ వేరు. కైజర్ పందెంలో ఇంజను 8 లీటర్లకు మించకూడదు. గ్రాండ్ ప్రీకి ఇంజను మీద హద్దు లేదు, వంద కిలోమీటర్లకు 30 లీటర్ల పెట్రోలుతో సరిపెట్టుకోవాలి, అక్కడికి ఫియట్ 16 లీటర్లది తెచ్చింది. పేరు, కంపెనీ, ఏడాది మూడూ సరైనవే అయినా కారు వేరేది కావచ్చు. బానెట్ పొడవు, రాసిన నెంబరు తీరు, వెనక చెట్లు కూడా చూడాలి.

యుద్ధం తర్వాతి ఫోటోలకు ఇంకో రెండు ఆనవాళ్లు ఉన్నాయి. ముందు చక్రాలకు బ్రేకు డ్రమ్ములు ఉంటే 1914 కన్నా ముందరి గ్రాండ్ ప్రీ కారు అయ్యే అవకాశం తక్కువ. ఆ ఏడు లియోన్ గ్రాండ్ ప్రీలో పెజో, డెలాజ్, ఫియట్ లాంటివాళ్లు ముందు బ్రేకులు తెచ్చారు, లేని మెర్సిడెస్ మొదటి మూడు స్థానాలూ పట్టుకుపోయింది. అలాగే గ్రాండ్ ప్రీలలో 1925 నుంచి పక్కన మెకానిక్‌ను కూర్చోబెట్టడం మానేశారు. సీటు మాత్రం ఇద్దరికి సరిపడా ఉంచాలన్న నియమం ఇంకో రెండేళ్లు సాగింది. వెడల్పు కారులో ఒంటరి మనిషి కనిపిస్తే ఆ కాలమే.

మాస్టారికి నేను చేసి ఇచ్చింది ఇది: కార్డును అట్ట నుంచి ఊడదీయలేదు, బూజు మచ్చ తుడవలేదు. ఉన్నది ఉన్నట్టు 1200 డీపీఐలో స్కాన్ చేసి ఒక ఫైలు వేరే ఉంచాను. రెండో కాపీలో గీతలు మాత్రమే తీసి, కత్తిరించిన అంచు జాగాలో కొత్త మౌంటు మీద తెలుగులో రాయించాను: 'లె మాన్, 1906 జూన్. రెనో కారులో సీస్. తాతగారు తెచ్చిన కార్డు.' చివరి వాక్యం మాస్టారు చెప్పింది. తాతగారు నడిపిన కారు అనే మాట ఇంట్లో పెద్దవాళ్లు ఇంకా అంటూనే ఉన్నారట, అననివ్వండి.

పోయిన వారం ఆయన మళ్లీ వచ్చారు. అదే పెట్టె అడుగున ఇంకో కార్డు దొరికిందట. మూల చిరిగింది, చైన్లు ఉన్నాయి, బానెట్ మీద ఎల్, డి అక్షరాలు ఉన్నాయి, అంకె చిరుగులో పోయింది. లొరేన్-దియెట్రిష్, 1907 దియెప్, అంతవరకు అనుమానం లేదు. ఆ ఏడు వాళ్లకు ముగ్గురు డ్రైవర్లు: ముందంజలో ఉండగా గేరుపెట్టె దెబ్బతిని ఆగిపోయిన డ్యురే, రూజియే, 1903 పారిస్-మాడ్రిడ్‌లో మోర్స్ కారుతో బోర్డో దాకా అందరికన్నా వేగంగా వచ్చిన గాబ్రియెల్. ముగ్గురికీ మీసాలు, కళ్లద్దాలు. డ్రైవరు పక్కన మెకానిక్ టోపీ కొంచెం వింతగా ఉంది, చెవుల మీదికి మడిచిన అంచు. గాలికాలో ఆ పందెం ప్లేట్లు ఒక్కొక్కటే పెద్దవి చేసి ఆ టోపీ కోసం చూస్తున్నాను. వెనక చక్రం పళ్లచక్రంలో పళ్లు లెక్కపెట్టమని అన్నయ్యకు పంపాను.